మునిగిన ఊళ్ళో మామ కళ్ళు మూసుకున్న మధ్యాహ్నం

మా మామ వకీలు, అమ్మకు తమ్ముడు. చాలా కాలంగా నిద్ర పట్టక, కోర్టు పని నెత్తి మీద బరువై, ఒక డాక్టరమ్మ దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. మంత్రాలేమీ లేవు. కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించాలి. ఏ చప్పుడు వచ్చినా వినాలి, దాని వెంట పోకుండా వదిలేయాలి. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. నెల కింద బాలమ్మ కేసు పోయింది. అప్పటి నుంచి కోర్టులో లేచి నిలబడితే ఆయనకు మాట రావడం లేదు.

బాలమ్మ అనే ముసలామెకు ఉన్నది ఎకరన్నర భూమి. దాని మీద మరిది కొడుకులతో తగాదా. కోర్టులో బంట్రోతు కక్షిదారు పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకకపోతే కేసు కొట్టేస్తారు. ఆ రోజు మామ అక్కడ లేడు. బాలమ్మ మాత్రం తలుపు ఎదురుగానే కూర్చుని ఉంది. తాను వచ్చేదాకా నోరు తెరవొద్దని మామే ఆమెకు చెప్పి ఉన్నాడు. ఆమె మూడు పిలుపులూ విని, చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చుంది. జ్వరం వచ్చి పోలేకపోయానని మామ అందరితో అన్నాడు. కేసు మళ్ళీ తెరవమని అడిగే కాగితం సోమవారం ఇవ్వాలి. ఇవ్వకపోతే భూమి పోయినట్టే. జ్వరం సంగతి టైపు చేసిన ఆ కాగితం మీద సంతకం పెట్టకుండానే ఆయన వారం నుంచి సంచిలో మోస్తున్నాడు.

ఎక్కడికైనా కొత్త జాగకు పోయి కూర్చోమని డాక్టరమ్మ అందట. ఆలంపూర్ దగ్గర ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఒక పాత ఊరు ఎండాకాలంలో బయటపడుతుంది. అక్కడికే పోతానన్నాడు మామ.

"ఆడ పిలిచేటోళ్ళు ఎవ్వలుండరు" అన్నాడు అమ్మతో.

అమ్మ నన్ను పక్కకు పిలిచి, "నువ్వూ పో. నీకు ఎట్లాగూ మాట్లాడుడు రాదు. వాని పక్కపొంటి ఉంటే సాలు" అంది.

శనివారం పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్‌లో కర్నూలు బస్సు ఎక్కాం. మనిషికి రెండు వందల లోపే అయింది. రెండున్నర గంటల్లో ఆలంపూర్ చౌరస్తాలో దిగి, షేరు ఆటోలో ముప్పై రూపాయలిచ్చి ఊళ్ళోకి పోయాం. అక్కడ ఒక పాకలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మామ ప్లేటు ముందు అట్లాగే కూర్చుంటే, వండే ఆమె అడిగింది, "ఏంది సారు, జడ్జి లెక్క చూస్తున్నవు? ఉగ్గాని ఏం నేరం చేసింది?" నేను నవ్వాను. మామ నవ్వలేదు.

మునిగిన ఊరి దాకా పోయి రావడానికి, రెండు గంటలు ఆగడానికి ఒక ఆటోవాలా ఐదు వందలు అడిగి నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. నది ఒడ్డున ఆపి, తాను దిగలేదు.

"తమ్మి, జర యాదివెట్టుకో. గా ఊర్ల ఎవలన్న పిలిస్తే మూడోపారి దాక పలుకకుండ్రి."

"ఎందుకన్నా?" అన్నాను.

"మనిషైతే మూడుపార్లు పిలుస్తడు. కానిది రెండుపార్లే."

పదకొండు దాటింది. మట్టి ఎండి పెంకుల్లా పగిలి ఉంది. గోడలు లేవు కానీ రాతి గడపలు వరుసగా ఉన్నాయి. ఒక గడప ముందు రోలు ఉంది, దాని నిండా ఎండిన ఆల్చిప్పలు. గాలి లేదు. పిట్టలు కూడా లేవు. మా చెప్పుల చప్పుడు మా వెనక ఇంకెవరిదో అన్నట్టు వినిపించింది. నేను రెండుసార్లు తిరిగి చూశాను.

మామ ఒక గడప మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఊపిరి నిదానమైంది, భుజాలు దిగాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు.

"బాలమ్మా."

ఆడగొంతో మగగొంతో చెప్పలేను. నీళ్ళ వైపు నుంచి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు, పడవ కూడా లేదు. మామ కళ్ళు తెరవలేదు. కానీ ఆయన ఊపిరి ఆగింది.

"బాలమ్మా."

నేను మామ చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపాను. ఆయన విడిపించుకుని లేచి నిలబడ్డాడు. నెల రోజులుగా కోర్టులో రాని గొంతుతో, "ఉన్న. వకీలును, ఉన్న" అన్నాడు.

మూడో పిలుపు రాలేదు. చాలాసేపు చూశాం.

"నువ్వు ఇన్నవా?" అడిగాడు మామ.

"ఇన్న."

ఆయన మళ్ళీ గడప మీద కూలబడ్డాడు. "నాకు ఆ దినం జ్వరం లేదురా అల్లుడా. కోర్టు ఎనక మెట్ల మీద గిట్లనే కండ్లు మూసుకోని కూసున్న. పేరు పిలిచిండ్రు. మూడుపార్లు ఇన్న. సప్పుడే కదా అని ఇడిసిపెట్టిన. మనసు మస్తు నిమ్మలంగ ఉండె."

నేను ఆయన సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన జ్వరం అన్న మాట కొట్టేసి, పెన్నుతో పక్కన జరిగింది రాసుకున్నాడు.

తిరిగి వస్తూ ఆటోవాలాను అడిగాను, అటు బాలమ్మ అని ఎవరైనా ఉన్నారా అని. "బాలమ్మ లేని ఊరుంటదా తమ్మి" అని బండి తిప్పాడు. అద్దంలో నది వైపు చూడలేదు.

సోమవారం నేనూ కోర్టుకు పోయాను. కొత్తగా రాసిన కాగితం మామ ఇచ్చాడు. జడ్జి చదివి, ఇట్లా రాస్తే మీ పేరు పోతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాడు మామ. అవతలివాళ్ళకు నోటీసు పంపమని చెప్పి, వాయిదా వేశాడు. బయట బాలమ్మ అడిగింది, "ఈపారి పిలిస్తే నేను పలుకాల్నా, వద్దా సారు?"

"పలుకమ్మా. నేనున్నా లేకున్నా పలుకు."

భూమి వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆ గొంతు ఎవరిదో కూడా నాకు తెలియదు, ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. మామ ధ్యానం మానలేదు. చప్పుళ్ళను వదిలేయడం సులువే, ఏది వదలకూడదో తెలుసుకోవడమే కష్టం అంటాడు. మీలో వకీళ్ళుంటే, మీ ఇంట్లో ఉంటే, అక్కడికి పోవచ్చు. ఎండాకాలం చివర్లో, నీళ్ళు తగ్గాక పోండి. ఒక్కరే మాత్రం పోకండి. కళ్ళు మూసుకునే మనిషి పక్కన కళ్ళు తెరిచి కూర్చునే మనిషి ఒకరు ఉండాలి.