తేదీ పెట్టెలో వచ్చిన మాట

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. చెన్నైలో, చింతాద్రిపేటలో మా వీధి చుట్టూ అలాంటి కథలు చాలానే తిరిగేవి. ఒక్కటీ చెవికెక్కించుకోలేదు. పదకొండేళ్లుగా మొబైల్ యాప్‌లు రాస్తున్నాను. ఏ తప్పుకైనా వెతికితే కారణం దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా ఆఫీసు అంబత్తూరులో. పళ్ల డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకునే యాప్ మాది. ఫోను భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకు అది ఆగిపోయేది. ఫోను నెల పేరును తెలుగులో రాసి పంపేది, మా సర్వర్‌కు ఇంగ్లీషు నెలలే తెలుసు. ఆ తప్పు పట్టింది వసంత. యాప్‌లను పరీక్షించడం ఆమె పని. వాషర్‌మెన్‌పేట్ అమ్మాయి. ఆఫీసులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

యాప్‌లో తేదీ రాయాల్సిన పెట్టెలో ఆమె కావాలనే వింత మాటలు కొట్టేది. ఎందుకని అడిగితే, “మా అవ్వకి తేదీలు తెలీవు పా. నిన్న, మొన్న, ఎల్లుండి, అంతే. ఆమె అట్ట కొడితే నీ యాప్ ఏం చేస్తాది?” అంది.

ఒక బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ధైర్యం చేసి అడిగాను, మా అమ్మానాన్నలను వాళ్లింటికి పంపనా అని. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ నవ్వింది. “ఎల్లుండి చెప్తా” అంది.

మర్నాడు జ్వరమని రాలేదు. డెంగీ. తొమ్మిదో రోజున ఆసుపత్రిలో పోయింది.

నాలుగు నెలల తర్వాత ఆ తేదీ పెట్టెను పూర్తిగా మార్చాను. టైప్ చేసే వీలు తీసేసి, క్యాలెండర్‌లో రోజును వేలితో నొక్కేలా చేశాను. ఆ కొత్త వర్షన్‌ను ఉదయం పదకొండింటికి నా ఫోనులో మాత్రమే ఎక్కించాను.

అరగంటకు యాప్ ఆగిపోయినట్టు ఒక రిపోర్టు వచ్చింది. అదే వర్షన్. ఫోను మాత్రం నాది కాదు, వసంత పరీక్షలకు వాడిన ఆఫీసు ఫోను. చదవలేకపోయిన తేదీ అన్నచోట ఒకే మాట ఉంది: ఎల్లుండి.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఆ ఫోను ఆఫీసు బీరువాలో ఉంది, తాళంచెవి అడ్మిన్ చూసే సుమతి అక్క దగ్గర. ఆమెతో తెరిపించాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. ఛార్జర్ పెట్టినా వెలగలేదు. పాత రిపోర్టు ఏదైనా ఆలస్యంగా వచ్చిందా అని రెండు రోజులు వెతికాను. వర్షన్ నంబరు నేను ఆ ఉదయం ఇచ్చిందే.

శనివారం వాషర్‌మెన్‌పేట్ వెళ్లాను. అప్పటిదాకా ఆ గుమ్మం తొక్కే ధైర్యం రాలేదు. పేరు చెప్పగానే వాళ్లమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. రిపోర్టు సంగతి నేను ఎత్తనే లేదు.

“నువ్వేనా నాయనా? ఈడ కూర్చో. జ్వరంలో కూడా నీ మాటే. ‘వాళ్లమ్మానాన్నని రమ్మని చెప్పాలమ్మా, నా ఫోన్ ఇయ్యి’ అనింది. చేతుల్లో బలం లేదు బిడ్డకి. తగ్గినాక చెప్పుకుందువులే అని నేనే ఇయ్యలేదు.”

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. చీకటి పడేదాకా పక్కనే కూర్చున్నాను.

ఆ రిపోర్టు ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. మా దగ్గర కారణం దొరకని రిపోర్టులను నెల తర్వాత మూసేయడం పద్ధతి. దాన్ని మాత్రం మూయలేదు. మేనేజర్ రెండుసార్లు అడిగాడు. ఇంకా చూస్తున్నానని చెప్పాను.