డాక్టరమ్మ కూర్చున్న పీట

రెండు సిరంజిల మధ్య మందూ గాలీ అటూ ఇటూ పరుగెడుతూ చేసే చప్పుడు ఒకటుంది. బుస్సు, బుస్సు. అలా పదే పదే తోస్తుంటే నీళ్లలాంటి మందు కాస్తా తెల్లని నురగవుతుంది. నరసరావుపేటలో మా క్లినిక్‌లో ఇవాళ పొద్దున ఆ చప్పుడు వినగానే నా చూపు బల్ల కిందికి పోయింది. అక్కడ జానెడు ఎత్తు చెక్కపీట ఒకటి ఉంది. మా డాక్టరమ్మ రాజ్యలక్ష్మి గారిది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆ పీటను పారేద్దామని ఎవరైనా అంటే మాత్రం నాతో గొడవే.

కాళ్లలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లను నిలబెట్టే చూడాలి. పడుకుంటే ఉబ్బు తగ్గి అసలు సంగతి దాక్కుంటుంది. అందుకని ఆవిడ రోగి పాదాల ముందు ఆ పీట వేసుకుని కూర్చునేవారు. మా పల్నాడులో దీనితో వచ్చిన తంటా అంతా ఇంతా కాదు. గట్టు తగాదాకు ఊరంతటినీ లేపగల మోతుబరి కూడా డాక్టరు తన కాలు పట్టుకునేసరికి బిక్కచచ్చిపోయి, "వద్దమ్మా, పాపం తగులుద్ది" అని వెనక్కి జరిగేవాడు. "కదలబాకయ్యా! నీ కాళ్లకు దణ్ణం పెట్టట్లా, నరం వెతుకుతున్నా" అనేవారు ఆవిడ. గురజాల మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. చేతులు మాత్రం ఎంతో మెత్తన.

నేను ఇక్కడ నర్సుగా చేరిన కొత్తలో ఈపూరు నుంచి నాగమ్మ పిన్ని వచ్చింది. హోటల్లో దోసెలు పోస్తుంది. తెల్లారి పెనం ముందు నిలబడితే మధ్యాహ్నం దాకా నడుం వాల్చదు. చీలమండ పక్కన పుండు పడి ఎంతకీ మానలేదు. "అది మానితేనే రమ్మన్నాడమ్మా మా ఓనరు. నాకు ఇంకో పని రాదు" అని ఏడ్చింది. డాక్టరమ్మ ఆమెకు స్కాన్ తెర చూపించారు. "ఇదిగో, పైకి పోవాల్సిన రక్తం ఈ నరంలో కిందికి జారుతుంది. నురగ మందుతో దీన్ని మూసేస్తే పుండు మానటానికి దారి దొరుకుద్ది. కోతా లేదు, కుట్లూ లేవు." నేను స్కాన్ పట్టుకున్నాను, ఆవిడ సూది గుచ్చారు. నురగ తెర మీద తెల్లగా మెరుస్తూ నరం పొడవునా పాకింది.

కట్టు కట్టి, పైన బిగుతు మేజోడు తొడిగి ఆవిడ ఇంకో రోగి దగ్గరికి వెళ్లారు. మందెక్కిన వెంటనే నడిపించటం, ఇంటి దగ్గర కూడా రోజూ నడవమని చెప్పటం నా పని. కానీ బల్ల దిగుతూ తూలిన నాగమ్మను చూసి నా ప్రాణం ఉసూరుమంది. సూది పడిన మనిషిని మా ఇళ్లలో మంచం దిగనివ్వరు. దిగనిస్తే ఆ మనిషి ఎవరికీ పట్టనట్టే. నాకు తెలిసిన ప్రేమ అదే. "వారం రోజులు కాలు కింద పెట్టబాకు పిన్నీ" అన్నాను. ఆమె భర్త ఆమెను ఎత్తుకెళ్లి ఆటోలో కూర్చోబెట్టాడు.

వారం తర్వాత భర్త మళ్లీ ఎత్తుకొచ్చేసరికి పిక్క వాచిపోయి, ముట్టుకుంటే విలవిల్లాడుతోంది. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. కదలక పడుకున్నవాళ్లకు లోపలి పెద్ద నరంలో రక్తం గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది. తొడ నుంచి చీలమండ దాకా ఆవిడ స్వయంగా స్కాన్ పెట్టి వెతికారు. "లోపల గడ్డ లేదు. వాపు పై నరానిదే" అని ఊపిరి వదిలి, అప్పుడు నాగమ్మ మీద అరిచారు. "మంచం దిగొద్దని నీకెవరు చెప్పారే?"

నాగమ్మ ఒక్కసారి నా వంక చూసింది. "ఎవరూ చెప్పలా అమ్మా. నాకే భయమేసి పడుకున్నా."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "నేనే చెప్పాను మేడమ్" అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "జాలేసిందా?" అని అడిగారు. తలూపాను. "నీ జాలి ఆమెను పెనం దగ్గరికి చేర్చదు. నడిస్తేనే చేరుద్ది. పో, నువ్వు కూడా నడువు. రేపట్నుంచి ఎవరికి మందెక్కించినా పక్కన నువ్వుండాలి." నొప్పి తగ్గే మందిచ్చి, కట్టు మళ్లీ కట్టి పంపారు. నేనూ నాగమ్మా క్లినిక్ ముందు వీధిలో మెల్లగా అటూ ఇటూ తిరిగాం. నాలుగు నెలలకు పుండు మానింది. ఆమె పెనం దగ్గరికి వెళ్లింది.

మొన్నామధ్య నాగమ్మ రెండో కాలు చూపించుకోవటానికి వచ్చింది. డాక్టరమ్మ పోయారని తెలిసి చానాసేపు కళ్లు తుడుచుకుంది. నేను బల్ల కింది నుంచి పీట లాగి ఆమె పాదాల ముందు కూర్చున్నాను. "ఏమే, నువ్వూ కిందే కూకుంటన్నావా?" అంది. కొత్త డాక్టరు గారు మందెక్కించారు. కట్టు కట్టి ఆమెను లేపాను. ఆమె నా భుజం పట్టుకుని నా ముఖంలోకి చూసి నవ్వింది.

"ఈసారి పడుకోమని చెప్పవుగా?"

"చెప్పను పిన్నీ, పద" అన్నాను. ఇద్దరం వీధిలోకి నడిచాం.