మాస్టారు కోర్టులోకి దిగిన రోజు

టెన్నిస్ మర్యాదస్తుల ఆట అని చెప్పేవాళ్ళెవరూ ఆడవాళ్ళ డబుల్స్‌ని కోర్టు పక్కన కూర్చుని చూసి ఉండరు. నేను చూశాను. నెట్ దగ్గర నిలబడ్డ పిల్ల గుండెలకి గురిపెట్టి అవతలివాళ్ళు బలంకొద్దీ బంతిని బాదుతారు. అది తప్పు కాదు, పాయింటు. కొట్టినామె చెయ్యెత్తి సారీ చెబుతుంది, తరవాతి బంతి మళ్ళీ అక్కడికే కొడుతుంది. మా అమ్మాయి భుజాల మీదా తొడల మీదా ఎప్పుడు చూసినా గుండ్రంగా కమిలిన మచ్చలే. వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ వేరే దెబ్బలతో.

ఆ మధ్య రాజమండ్రిలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంటు జరిగింది. ప్రొఫెషనల్ అంటే టీవీలో వచ్చేంతది కాదు, అట్టడుగు మెట్టు. మా అమ్మాయికి జోడీ కోరుకొండ వైపు పిల్ల. ఇంకా ఇరవై నిండలేదు గానీ సర్వీసు కొడితే పిడుగే. వాళ్ళ నాన్నే కోచ్. హైస్కూల్లో వ్యాయామం మాస్టారు. ఆ చుట్టుపక్కల సగం మంది ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్ళే, పైగా అదేదో ప్రసాదమైనట్టు చెప్పుకుంటారు. మొదటి మ్యాచ్ అయ్యాక నీళ్ళ డ్రమ్ముల వెనక ఆయన కూతుర్ని చెంప మీద కొట్టడం నా కళ్ళారా చూశాను. ఓడి కాదు, గెలిచాక. వరసగా రెండు సర్వీసులు నెట్‌కి కొట్టిందని.

“గెలిచిన పిల్లని కొడతారేంటండి మాస్టారూ?” అన్నాను.

“గెలిచింది కాబట్టే ఒక్కటితో వదిలేశానండి మేడమ్ గారూ,” అన్నారు నవ్వుతూ.

“ఓడితే?”

“ఓడదు లెండి. భయం ఉంది కదండీ.”

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. “వాళ్ళ పిల్ల, వాళ్ళ ఇష్టం. నీకెందుకే?”

నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. ‘వాళ్ళ పిల్ల, వాళ్ళ ఇష్టం’ అన్న మాట మీద ఎంతసేపైనా మాట్లాడగలను, ఇంటికెళ్ళేదాకా మాట్లాడాను కూడా. మా అమ్మాయే ఆపింది. “అమ్మా, నువ్వు ఆయన్ని ఒకటంటే ఇంటికెళ్ళాక దానికి పది పడతాయి. దానికి వీపు మీద ఇంక ఖాళీ లేదు. ఊరుకో.” ఊరుకోవడం నాకు చేతకాని పని. సెమీఫైనల్ దాకా ఎలాగో చేశాను.

సెమీఫైనల్ రోజు ఎండకి కోర్టు పెనంలా కాలుతోంది. చెరో సెట్టూ అయ్యాయి. డబుల్స్‌లో ఒక ఎత్తు ఉంది. సర్వీసు కొట్టే పిల్లకి సూటిగా ముందు, నెట్ దగ్గర మధ్యగీత మీద, జోడీ పిల్ల వంగి కూర్చుంటుంది. వీపు వెనక వేళ్ళతో సైగ చేస్తుంది, పక్కకి కొట్టు అనో, మధ్యకి కొట్టు అనో. మధ్యకైతే బంతి తన నెత్తి మీంచే పోవాలి కాబట్టి నేలకి అణిగిపోతుంది. పక్కకైతే ముందే లేచి కదులుతుంది. వెనకున్న పిల్ల తన సైగ ప్రకారమే కొడుతుందన్న నమ్మకంతో వెనక్కి చూడకుండా ఉండాలి.

అప్పుడు సర్వీసు మాస్టారి కూతురిది, మొదటి బంతి నెట్‌కి పోయింది. మా కుర్చీలు సరిగ్గా ఆ పిల్ల వెనకాల. మాస్టారు నా వరసలోనే కూర్చున్నారు. రెండో బంతి అందుకోవడానికి వెనక్కి తిరిగిన కూతురికి ఆయన వేలు చూపించారు. మధ్యకి. నెట్ వైపు తిరిగితే మా అమ్మాయి వేళ్ళు పక్కకి అంటున్నాయి. ఆ పిల్ల రెండూ చూసింది. ఇద్దరిలో తనని కొట్టే మనిషి మాటే విన్నది.

అప్పటికే పైకి లేస్తున్న మా అమ్మాయికి బంతి చెవి వెనక తగిలింది. బండ మీద తడిబట్ట బాదిన చప్పుడైంది. ముందుకి బోర్లా పడింది. గడ్డం చిట్లి రక్తం మెడ మీదికి కారింది.

మాస్టారు గేటు తోసుకుని లోపలికి పరిగెత్తారు. మా అమ్మాయిని లేవదీయడానికనుకున్నాను. ఆమెని దాటిపోయి కూతురి జుట్టు పట్టుకున్నారు.

“పాయింటు పోగొట్టావు కదే. చేతిలో ఉన్న పాయింటు పోగొట్టావు కదే,” అంటూ మాటకో దెబ్బ. చెంప, మెడ, వీపు. ఆ పిల్ల మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రాకెట్‌కి దెబ్బ తగలకుండా వెనక్కి పెట్టుకుంది.

నేను ఎప్పుడు దిగానో నాకు తెలియదు. జీవితంలో మొదటిసారి నోటితో ఒక్క మాటా అనలేదు. ఆయన చొక్కా కాలరు పట్టి లాగి చెంప పగలగొట్టాను. ఆయన విదిలిస్తే మోచెయ్యి నా మూతికి తగిలి పెదవి చీలింది. నోరంతా ఉప్పగా అయింది. ఆ రక్తంతోనే ఇంకొకటి కొట్టాను.

అప్పుడు జనానికి నోరొచ్చింది. “మాస్టారి మీద చెయ్యి చేసుకుంటుందేంటండి ఆవిడ? చదువుకున్న మనిషేనా?” అని ఎవరో అరిచారు. ఆ పిల్లని కొడుతున్నంతసేపూ ఈ గొంతు ఎక్కడ దాచుకున్నాడో.

రిఫరీ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. ఆ పిల్ల వగరుస్తూ, “మా నాన్నని బయటికి పంపించెయ్యండి, మేము ఆడతాం,” అంది. నా వైపు తిరిగింది. “మీరు కూడా వెళ్ళండి ఆంటీ. మీరున్నా ఆడలేను.” పెదవి కంటే ఆ మాటే ఎక్కువ మండింది.

డాక్టరు మా అమ్మాయి కళ్ళు చూసి, గడ్డానికి పట్టీ వేసి, ఆడొచ్చన్నాడు. కంచెకి ఆకుపచ్చ గుడ్డ కట్టేశారు కాబట్టి బయట నిలబడితే బంతి చప్పుడు తప్ప ఏమీ తెలియదు. ఉన్న కాస్త నీడలో మాస్టారూ నేనూ నిలబడ్డాం.

“పోలీసు కేసు పెడతానండి మీ మీద.”

“పెట్టండి. సాక్ష్యానికి మీ అమ్మాయినే పిలుద్దాం.”

కాసేపు వాచిన దవడ తడుముకున్నారు. “మా నాన్న నన్ను బెల్టుతో కొట్టేవాడండి. అందుకే నాకు ఉద్యోగం వచ్చింది.”

“ఉద్యోగం సంగతి తెలీదు గానీ, బెల్టు మాత్రం వచ్చిందండి మీకు.”

పిల్లలిద్దరూ ఓడిపోయారు. ముందుగా ఆ పిల్లే బయటికి వచ్చింది. నేరుగా తండ్రి ముందుకెళ్ళి నిలబడింది. “ఇకనించి టోర్నమెంట్లకి నా పేరు నేనే ఇచ్చుకుంటాను నాన్నా. ఎక్కడ ఆడుతున్నానో మీకు చెప్పను.”

ఆయన కొట్టారు. తల పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ నిలబెట్టుకుని, “అయిపోయిందా?” అంది. ఇంకొకటి కొట్టారు. నేను కదలబోతే నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పెదవి మీది రక్తం తుడుచుకోకుండా మా కారు దగ్గరికి నడిచింది.

మా ఆయన వెనక సీట్లో ఉన్న, కడియం నర్సరీ నించి తెచ్చిన క్రోటన్ మొక్కలన్నీ తీసి, ముందు సీట్లో నా ఒళ్ళో పెట్టారు. ఆడపిల్లలిద్దరూ ఎక్కారు. మాస్టారు రెండు పిడికిళ్ళతో అద్దం మీద బాదుతున్నారు. “దిగవే. దిగుతావా, అద్దం పగలగొట్టమంటావా?” కారు ఊగుతోంది. ఒళ్ళో మొక్కలతో నేను వెనక్కి తిరిగేలోపే, ఆ పిల్ల చెయ్యి చాపి తలుపు లాక్ నొక్కింది.