తిరగేయని పేగు

మా వైపు బోటి కూర వడ్డించగానే ఎవరూ ముక్క నోట్లో పెట్టుకోరు. ముందు "ఎవరు కడిగిండ్రు?" అని అడుగుతారు. జవాబు నచ్చకపోతే పెళ్లికొడుకు తండ్రి కూడా నడి బంతిలోంచి లేచి చెయ్యి కడుక్కుంటాడు. బోటి అంటే మేక పేగులు మరి. మిగతా మాంసానికి వండేవాళ్ల మీద నమ్మకముంటే చాలు. దీనికి మాత్రం కడిగేవాళ్ల మీద ఉండాలి.

నేను ఈ భూగోళం మొత్తంలో నమ్మింది ఒక్కణ్నే, చుట్టరికం లేకున్నా నన్ను బావా అని పిలిచే నా దోస్తును. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో ఇద్దరం ఒకే అద్దె గదిలో, ఒకే చాప మీద, ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటూ పడుకున్నాం. తర్వాత వాడు భూపాలపల్లి బొగ్గుబాయిలో కొలువుకు పోయాడు. నేను మహబూబాబాద్‌లో బట్టల దుకాణం పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా నెలకో ఆదివారం గూడూరు, నర్సంపేటల మీదుగా బస్సులు మారి, నడుము అరగదీసుకుని వాడింటికి పోయి బోటి తిని వస్తున్నాను. ఇంకెక్కడా ముట్టను. మా అత్తగారు ఒకసారి వెండి గిన్నెలో పెట్టినా ముట్టలేదు. ఆమె అప్పటినుంచి నాకు నీళ్లు కూడా స్టీలు గ్లాసులోనే ఇస్తుంది. పోనీ అనుకున్నాను. వాడి చేతి బోటి ఉన్నంతకాలం నాకు లోకంలో ఒక మనిషి ఉన్నట్టే.

వాడు కడగడం చూడాలి. పెరట్లో పీట, పక్కన వేడినీళ్ల బకెట్, దొడ్డు ఉప్పు, పసుపు, ఒక చీపురుపుల్ల. పెద్ద పెద్ద దవాఖానల్లో ఆపరేషన్‌కు కూడా అంత ఏర్పాటు ఉండదు. మేక చిన్నపేగు విప్పుతూ పోతే ముగియదు. వాడు ఒక కొస పట్టుకుని రెండో కొస నాకిస్తే, నేను ములుగులో చాయ్ తాగి వెనక్కి వచ్చేదాకా సాగేది. దాన్ని మూరెడు మూరెడు కోసి, చీపురుపుల్లతో ఒక కొసను లోపలికి నెట్టి, తడిసిన చొక్కా చేతిని తిరగేసినట్టు లోపలిదంతా బయటికి తెచ్చేవాడు.

"చూడు బావా, మఖ్మల్ గుడ్డ లెక్క లేదా? గీ నూగే తిన్నదాంట్ల సారమంత గుంజేది. మురికి గూడ గీ నూగు సందులల్లనే దాగుంటది. తిరగెయ్యకుండ పైపైన కడుగుతే, చెరువు తెచ్చి పోసినా దండుగనే."

"మరి గా దొడ్డుది?"

"గది పెద్దపేగు. గీడికొచ్చేసరికి సారమంత అయిపోయింది. ఇగ దీని పని నీళ్లు గుంజుడే. చూస్తలేవా? చిన్నపేగుల చారు లెక్క ఉన్నది గీడ గోలీలయింది."

"నా కడుపుల గూడ గింతేనారా?"

"నీయి ఇంక పొడుగుంటయ్. లేకుంటే నువ్వు తినేదంత ఏడ పడుతది?"

పోయిన ఎండాకాలం అలాగే ఒక ఆదివారం తిని తిరుగు బస్సెక్కాను. గూడూరు రాకముందే నా కడుపులో ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేశారు. గూడూరు దాటాక దానికి ట్రాలీ కూడా తగిలించారు. డ్రైవర్ దయగలవాడు. స్టాపు కాని చోట ఐదుసార్లు ఆపాడు. ఆరోసారి ప్రయాణికులంతా ఏకగ్రీవంగా తీర్మానం చేసి, బస్సును తిన్నగా దవాఖాన ముందుకే పట్టించి నన్ను దించారు. అంతమంది ఒక్క మాట మీద నిలబడటం నేను పంచాయతీ ఎన్నికల్లో కూడా చూడలేదు.

సెలైన్ పెట్టిన డాక్టరమ్మ వెనక గోడ మీద పేగుల పటం ఉంది. ఆమె పెన్నుతో చూపిస్తూ చెప్పింది: "ఇది చిన్నపేగు. ఇరవై అడుగుల పైనే ఉంటది. ఇది పెద్దపేగు, అయిదడుగులు. మీ రెండూ వాచినయ్. నీళ్లు గుంజుకునేది గుంజుకుంటలేదు, ఉన్నది ఉన్నట్టే బయటికి తోస్తంది. ఏం తిన్నరు?"

నేను నోరు తెరిచేలోపు, కబురు తెలిసి వచ్చిన మా ఆవిడ అందుకుంది. "బోటి తిన్నడు మేడం. వాళ్ల దోస్తు ఇంట్ల."

"సరిగ్గ కడగలేదేమో."

నేను సెలైన్ సూదితో సహా లేచి కూర్చున్నాను. "మేడం, ఏమన్న అనుండ్రి, గా మాట మాత్రం అనకుండ్రి. వాడు కడిగిండంటే కడిగిండు. నేను నర్సంపేట బస్టాండుల మిర్చి బజ్జీ తిన్న, గదే అయి ఉంటది."

ఆ బజ్జీ నేను తినలేదు. ఆ రోజు బజ్జీల బండి కూడా రాలేదు. నా దోస్తు కోసం లేని బండిని తెచ్చి బస్టాండులో నిలబెట్టాను. మా ఆవిడ పటం వైపు చూస్తూ కూర్చుంది.

నా సంగతి ఎవరు చెప్పారో, మూడో రోజు వాడి భార్య ఫోన్ చేసింది. నన్ను అన్నా అని పిలుస్తుంది, నేను చెల్లె అంటాను. ముందు బాగున్నవా అంది. తర్వాత ఏడ్చింది.

"అన్నా, నీకు చెప్పకుంటే నాకు పాపం తగుల్తది. గాయనకు షుగరొచ్చి ఏడాదయింది. వేళ్లకు స్పర్శ లేదు. పేగు చేతుల ఉన్నదో లేదో గూడ ఎరుకైతలేదు. తిరగేసుడు బంద్ చేసిండు. పైపైన నీళ్లు పోసి వండుతండు."

"మరి నువ్వు కడుగరాదా చెల్లె?"

"కడుగుత అంటే మీదికొస్తడు. మా బావ నా చేతిదే తింటడు, నీది తినడు అంటడు."

"ఏడాది సంది మీరు గూడ గదే తింటున్నరా?"

ఆమె ముక్కు చీదింది. "మేం ముడ్తలేం అన్నా."

ఫోన్ పెట్టేశాక ఆ ఏడాది ఆదివారాలన్నీ ఒకటొకటిగా వచ్చి నా మంచం మీద కూర్చున్నాయి. అంతకుముందు నన్ను పెరట్లో పక్కనే కూర్చోబెట్టుకుని కడిగేవాడు. ఈ ఏడాదిగా నేను రాగానే "బావా, మంచి కొత్తిమీర నీకు ఎరుకైనట్టు ఎవనికి ఎరుకైతది" అని బజారుకు పంపాడు. నేను ఆ పొగడ్తకు ఉబ్బి, భూపాలపల్లి మార్కెట్లో ఒక్కో ఆకునూ పెళ్లిచూపులు చూసినట్టు చూసి ఏరి తెచ్చాను. అదంతా ప్రేమే అనుకున్నాను.

నెల తిరగ్గానే పోయాను. వాడు గుమ్మంలోనే "బావా, కొత్తిమీర..." అన్నాడు.

"నీ వేళ్లు చూపియ్."

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెరట్లోకి పోయి పీట మీద కూర్చుని అన్నాడు. "చెప్తే నువ్వు రావనుకున్న."

"నీ అసోంటోడు పేగుల మురికి పెడితే మాత్రం వస్తననుకున్నవా? నాకు చెప్తే నేనే కడుగుదును గదరా!"

వాడు నా మొహం చూశాడు. పెదవి వణికింది, పాపం ఏడుస్తాడేమో అనుకున్నాను. నవ్వు. ఆపుకోలేక పీట మీదే ఊగాడు. "నువ్వా? నువ్వు కడుగుతే ఎవడు తింటడు బావా?"

సెలైన్ సూది కంటే అదే లోతుగా దిగింది. అప్పుడే పోయి బోటి తెచ్చాను. ఎండ నడినెత్తి నుంచి పక్కకు దిగేదాకా కూర్చుని మూరెడు మూరెడు తిరగేశాను. ఎనిమిది బకెట్ల నీళ్లు పోశాను. తొమ్మిదో బకెట్లో నా మొహం కనిపించింది. వాడు పక్కన కూర్చుని "గా మూలకు" "ఇంకోసారి" అంటూ ఉన్నాడు, చెయ్యి మాత్రం పెట్టలేదు. చెల్లె వండింది.

ఇద్దరికీ వడ్డించింది. వాడు కూర పులుసు అన్నంలో కలుపుకుని, ముక్కలన్నీ వేళ్లతో మెల్లగా కంచం అంచుకు జరిపాడు.

"ఏందిరా?"

"పన్ను నొస్తంది బావా."

"ఏ పన్ను?"

వాడు కాసేపు ఆలోచించి కుడిచెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. అంతకుముందే అటువైపు పళ్లతోనే పచ్చి ఉల్లిగడ్డ కరకరా నమిలాడు. నేను నా కంచంలోది ఊడ్చి తిని ఆరు గంటల బస్సుకు లేచాను. వాడు బస్టాండుదాకా వచ్చాడు. వచ్చే నెల రమ్మని మాత్రం అనలేదు.