సాక్షి ఆగిన చోట చుక్క

అధ్యక్షుడి హత్య జరిగి నలభై రెండేళ్లయింది. ఆ కుట్రలో భాగస్వామి అని శిక్షపడి, జైల్లోనే పోయిన తాళాల రిపేరువాడి కేసును ప్రభుత్వం మళ్లీ తెరిపించింది. దర్జీపని చేసే అతని కూతురు ఇరవై ఏళ్లు అర్జీలు పెట్టగా వచ్చిన విచారణ అది. ఇక్కడ కూడా కుట్రదారుల జాబితాలోంచి నాన్న పేరు తీయకపోతే ఆమె ఎక్కాల్సిన గడప ఇక లేదు.

ఆనాడు సాక్ష్యాలు రాసుకున్న కోర్టు ఉద్యోగిని వీధిలో అందరికీ స్టెనో అత్తయ్య. వయసు డెబ్బై ఆరు. పాత నోటుపుస్తకాలు మంచం కింద ట్రంకుపెట్టెలో దాచింది. “నా చెప్పులకు లేని చోటు వాటికుంది” అని మొగుడు పోయేదాకా సణిగాడట.

సాక్షి మాట్లాడకుండా నిలబడితే ఆమె పెన్సిలు ఆపేది కాదు. గోడగడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక చుక్క పెట్టేది. చెయ్యి బిగుసుకుపోకుండా చేసుకున్న ఉపాయం, అంతే. టైపు ప్రతిలో చుక్కలు ఉండేవి కావు.

ఇప్పుడు సాక్ష్యానికి పిలిస్తే ఆ పుస్తకాలు తెచ్చి, విచారణ గదిలో ఆమె చుక్కచుక్కకూ ఒక క్షణం ఆగుతూ చదివింది. హంతకుడికి పిస్తోలు ఇచ్చింది తాళాలవాడేనన్న సాక్షులు ముగ్గురు. మొదటివాణ్ణి ఇంటి నంబరు అడిగితే ఆరు చుక్కలు. చిన్నకొడుకు వయసుకు నాలుగు. పిస్తోలు ఎవరిచ్చారంటే ఒక్కటీ లేదు. మిగతా ఇద్దరిదీ అదే వరస. పేపర్లమ్మే నాలుగోవాడు మాత్రం పిస్తోలు చుట్టిన పొట్లం హంతకుడి చేతికి అందడం చూశానన్నాడు. ఇచ్చినవాడి ముఖం? పదకొండు చుక్కలు. తర్వాత, “చూడలేదు.” ఆమె ఆగిన ఆ పదకొండు క్షణాలూ, ఎప్పుడో పోయిన ఆ పేపర్లవాడు తమ ముందే నిలబడి తడుముకుంటున్నట్టు అందరూ ఖాళీ బోను వైపే చూశారు.

“చుక్కలు పెట్టడానికా మీకు జీతమిచ్చింది?” అన్నాడు ప్రభుత్వ వకీలు.

“జీతం మాటలకే బాబూ. ఇవి ఊరికే రాశాను.”

బయట వరండాలో దర్జీ ఆమె చెయ్యి పట్టుకుంది. “అత్తయ్యా, నాన్న ఏ తప్పూ చెయ్యలేదనేగా?”

“అది నాకు తెలీదమ్మా. ఆ ముగ్గురూ గుర్తుచేసుకుని చెప్పలేదు, పాఠం అప్పజెప్పారు. నేను చెప్పగలిగింది అంతవరకే.”

దర్జీ చెయ్యి వదిలేసింది. వారం రోజులు అత్తయ్య ఉండే వీధి వైపు రాలేదు.

ఉత్తర్వు వచ్చాక తనే తెచ్చి అత్తయ్యకు చదివి వినిపించింది. ముగ్గురి సాక్ష్యం నమ్మదగింది కాదు, అది తీసేస్తే అతని మీద మిగిలిందేమీ లేదు, జాబితాలోంచి పేరు తొలగించాలి. నిర్దోషి అన్న మాట ఎక్కడా లేదు.

“లేదు చూశావా,” అంది ముసలావిడ.

“చూశాను. పేరైతే తీసేశారుగా,” అంది దర్జీ. కాగితం ఒళ్లో పెట్టుకుని ఇంకోసారి మొదటినుంచి చదవసాగింది.