పసుపు లేని బొట్టు

మా ఆయనకు మా కారంటే చిన్నచూపు. ఇరవై ఏళ్లు దాటిన బండి. అది సైనిక్‌పురిలో మా వీధి మలుపు తిరిగిందో లేదో, ఇంట్లో అత్తగారు ఆ చప్పుడు విని నాకు అన్నం వడ్డించడం మొదలుపెట్టేవారు. నాకు మాత్రం అదంటే ప్రాణం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. మా గేటు స్తంభాన్ని రెండుసార్లు పడగొట్టిందీ దానితోనే. రెండుసార్లూ నన్నొక్క మాట అనకుండా తిరిగి స్టార్ట్ అయిన జీవి ఇంట్లో అదొక్కటే.

ఒక దసరాకు ముందు దాని టైమింగ్ బెల్ట్ అరిగిపోయిందని తేలింది. ఇంజన్లో కింద ఒక చక్రం, పైన ఒక చక్రం ఉంటాయి. రెండింటినీ కలిపి తిప్పే పళ్ల బెల్టు అది. పైచక్రం, కిందచక్రం లెక్క తప్పితే లోపల వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజన్ కథ అక్కడితో సరి. ఈ కబురు విని మా ఆయన మొహం వెలిగిపోయింది. పాత బండ్లు తీసుకునే మనిషితో అప్పటికే మాట్లాడి పెట్టుకున్నారట. నేనే ఇంట్లో బెల్టు మారుస్తానంటే చాలాసేపు నవ్వారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దసరా నాడు మధ్యాహ్నం లోపల కారు తనంతట తాను గేటు దాటాలి. దాటకపోతే మర్నాడు ఆ మనిషి వచ్చి తాడు కట్టి లాక్కుపోతాడు.

నేను లాలాగూడ పిల్లనని ఆయన మరిచిపోయారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నాకు ఎక్కాల కంటే ముందు పానాల సైజులు వచ్చాయి. నాన్న నేర్పిన సూత్రం ఒక్కటే, గుర్తు పెట్టుకోకుండా ఏదీ విప్పకూడదు. కాబట్టి నవమి నాడు పొద్దున్నే బానెట్ ఎత్తి, గుర్తుల పనే ముందు పెట్టుకున్నాను. కిందచక్రంతో ఇబ్బంది లేదు, దాన్ని సరిచూసుకునే దారులు వేరే ఉన్నాయి. పైచక్రంతోనే చిక్కు. ఎప్పుడో ఒక మెకానిక్ వేరే బండి చక్రం తెచ్చి దానికి బిగించాడు, అందుకని కంపెనీ వాళ్ల గీత దాని మీద పనికిరాదు. చక్రం మీద నాదొక చుక్క, సరిగ్గా దానికి ఎదురుగా ఇంజన్ ఒంటి మీద ఇంకొక చుక్క పెట్టాలి. తరవాత ఆ రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చేలా చూసి కొత్త బెల్టు తొడిగితే చాలు.

రంగు డబ్బా తీస్తే ఎండి గట్టిపడి ఉంది. పూజగదిలో కుంకుమ ఉంది కదా అని, అందులో రెండు చుక్కల నూనె కలిపి, అగ్గిపుల్లతో రెండు బొట్లు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పాత బెల్టు తీయగానే లోపలి స్ప్రింగుల బలానికి పైచక్రం టక్కుమని కొంచెం పక్కకు జరిగింది. జరిగితే జరిగింది, గుర్తులున్నాయి కదా అనుకున్నాను.

ఆ రోజు ఆయుధ పూజ. గోనెపట్టా మీద పానాలన్నీ వరసగా పేర్చి, వీటికి బొట్లు పెట్టమని అత్తగారికి చెప్పి స్నానానికి వెళ్లాను. స్నానం చేసి, పులిహోర తిని, ఒక కునుకు తీశాను. ఆ కునుకు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మా అత్తగారి గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. పొద్దున మాత్ర వేసుకున్నారో లేదో గుర్తుండదు. కళ్లద్దాలు కళ్లకు పెట్టుకునే ఇల్లంతా వెతుకుతారు. కానీ పెళ్లైన మూడో రోజున నేను చారులో ఉప్పు మరిచిపోయిన సంగతి, అప్పుడు ఎవరెవరు భోజనాల బంతిలో ఉన్నారో, వాళ్లలో ఎవరు మొహం చిట్లించారో వరసగా చెప్తారు. నా తప్పులు ఒక్కటీ జారిపోకుండా ముప్పై ఏళ్లుగా దాచుకున్నారు. అందుకు నేను ఎన్నిసార్లు ఉడికిపోయానో లెక్కలేదు.

తిరిగి వచ్చి చూస్తే పానాలన్నింటికీ బొట్లు పెట్టి ఉన్నాయి. బ్యాటరీకి, రేడియేటర్‌కు, గాలిపంపుకు కూడా ఉన్నాయి. పైచక్రం చుట్టూ ఎనిమిది బొట్లు, దాని వెనక ఇంజన్ ఒంటి మీద ఇంకో ఆరు. అన్నీ ముచ్చటగా, కింద పసుపు, పైన కుంకుమ, ఒకే సైజు. నావి ఏవో నాకే తెలియలేదు. అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాను. తప్పు వేరెవరి మీదా నెట్టడానికి లేదు, బొట్లు పెట్టమన్నది నేనే.

మా ఆయన వచ్చి చూశారు. లోపలికి వెళ్లి, నాకు వినపడేలా ఆ పాత బండ్ల మనిషికి ఫోన్ చేసి, తాడు గట్టిది తెచ్చుకోమన్నారు. ఆ రాత్రి నేను సరిగా తినలేదు.

దసరా పొద్దున మళ్లీ బానెట్ దగ్గర నిలబడి ఆ పద్నాలుగు బొట్లనీ చూస్తుంటే అత్తగారు వచ్చారు. సంగతి చెప్పాను. ఆమె నావైపు చూసిన చూపు నాకు బాగా అలవాటైనదే.

"ఒట్టి కుంకుమ పెడ్తరా ఎవరన్న? పసుపు లేని బొట్టు బొట్టేనా?" అన్నారు. "పండుగ పూట గట్ల పెడితివని నాకు పానం ఉసూరుమన్నది. తుడిచి, పసుపు రాసి, మళ్ల నేనే మంచిగ పెట్టిన."

"ఏవి అత్తమ్మా, నేను పెట్టినవి?"

ఆమె ముందుకు వంగి, వేలు చాపి, చక్రం మీద ఒక బొట్టు చూపించారు. "ఇగో, ఇది." వేలు పక్కకు జరిపి ఇంజన్ మీద ఇంకొకటి చూపించారు. "ఇది సుత."

"అదే జాగల పెట్టిన్రా?"

"జాగ నేనెందుకు మారుస్త? తప్పు నీది, జాగ సుత నీదే. నీ తప్పులు నాకు యాదుండవా?"

నమ్మాలా వద్దా? తప్పైతే ఇంజన్ పోతుంది. నమ్మకపోతే ఎలాగూ బండి పోతుంది. చక్రాన్ని మెల్లగా తిప్పి, ఆమె చూపించిన రెండు బొట్లనూ ఎదురెదురుగా తెచ్చి, కొత్త బెల్టు తొడిగి బిగించాను. తాళం తిప్పే ముందు పానాతో ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడన్నా గట్టిగా తగిలిందంటే అక్కడే ఆపేయాలి. మొదటి చుట్టు తిరిగింది. రెండోది ఇంకా మెల్లగా తిప్పాను. ఎక్కడా తగలకుండా అది కూడా తిరిగింది.

అన్నీ బిగించేసరికి పదకొండు దాటింది. నేను వద్దంటున్నా వినకుండా అత్తగారు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. మూడోసారి తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఆ పాత చప్పుడు వినగానే నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గేటు దాటించాను. గేటు స్తంభానికి ఏమీ కాలేదు. మా ఆయన వరండాలో నిలబడి ఫోన్ చేసి, తాడు అక్కర్లేదని చెప్పారు.

"వచ్చే యేడన్న పసుపు పెట్టు," అన్నారు అత్తగారు, వీధి మలుపులో.

పెట్టను. ప్రతి దసరాకూ కారుకు బొట్లన్నీ పద్ధతిగా పెడతాను, ఒక్కటి తప్ప. ఎక్కడో ఒక మూల పసుపు లేకుండా ఒట్టి కుంకుమ పెట్టి, ఏమీ తెలియనట్టు వచ్చి వంటింట్లో కూర్చుంటాను. ఇప్పుడు ఆమె మాత్రల సంగతే కాదు, ఒక్కోసారి వారం కూడా మరిచిపోతున్నారు. ఈ దసరాకు కర్ర పట్టుకుని కారు చుట్టూ తిరగడానికి చాలాసేపు పట్టింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ, ఆమె దాటేసిన బొట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. వెనక చక్రం దగ్గర ఆమె ఆగారు, వంగారు, నా పేరు పెట్టి గట్టిగా పిలిచి తిట్టడం మొదలుపెట్టారు. నేను పసుపు గిన్నె తీసుకుని పరిగెత్తాను.