పైన ఎవరి పేరు

మా షాపులో కంప్యూటర్ ఒక్కటే. దాని ముందు కూర్చునేది నా భార్య. నేను కౌంటర్ దగ్గర మాటలు చెప్పే మనిషిని. అశ్వారావుపేటలో పెళ్లి కార్డు కావాల్సినవాళ్లు నాతో బేరమాడి, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని పేర్లు చెబుతారు. పామాయిల్ గెలల ట్రాక్టర్లు పోతుంటే లేచే దుమ్మంతా కీబోర్డు మీదే. ఆమె కొంగుతో దులుపుకుని, కీల వైపు చూడకుండానే టైపు చేస్తుంది.

ఆమె టైపు చేసే తెలుగు సాఫ్ట్‌వేర్ పాతకాలంది. పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆ అక్షరాలు కాగితం మీద ముచ్చటగా ఉంటాయి గానీ, ఫోన్‌లోకి పంపితే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతాయి. ఇప్పుడేమో జనానికి ఫోన్‌లో పంపే కార్డు కావాలి. అలాంటివి చేసే కొత్త వెబ్‌సైట్లు పాత విండోస్‌లో తెరుచుకోవు. కొత్త విండోస్ వేస్తే ఆమె సాఫ్ట్‌వేర్ ఎక్కదు. అందుకని పాతదాన్ని అలాగే ఉంచి, అదే డిస్కులో కొంత చోటు చేసి లినక్స్ అనే ఇంకో సిస్టం కూడా వేద్దామనుకున్నాను.

"నా దాన్ని తీసేస్తున్నరా?" అని అడిగింది.

"తియ్యట్లే. రెండూ ఉంటయ్. ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది తెరుచుకోవచ్చు."

"ఇప్పుడు రెండూ ఉంటయ్ అంటరు. కొన్నాళ్లకు ఒకటి పోతది."

ఆమె భయమంతా డి డ్రైవ్ గురించి. మా వైపు కంప్యూటర్ కాస్త మొరాయిస్తే చాలు, రిపేరు చేసేవాళ్లు విండోస్ ఉండే సి డ్రైవ్ లేపేస్తారు. అందుకే దాచుకోదగ్గదంతా అందరూ డి లో పెట్టుకుంటారు. ఆమె డి లో ఈ చుట్టుపక్కల కుటుంబాల పెళ్లి కార్డులున్నాయి, ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో ఫోల్డరు. కార్డు మీద ఎవరి పేరు తర్వాత ఎవరిది రావాలో అందులో చూస్తే తెలుస్తుంది. తన పేరు మేనమామ పేరు కిందికి పోయిందని ఒకింటి చిన్నాన్న పెళ్లికే రాలేదు. అందుకని మళ్లీ అదే ఇంట్లో పెళ్లి వస్తే ఆమె పాత కార్డు తెరిచి, "మీ పెదనాయన బాగున్నడా?" అని మామూలుగా అడుగుతుంది. వచ్చినవాళ్లు తల దించుకుంటే ఇంకేమీ అడగదు. ఆ పేరు ముందు 'కీ.శే.' అని కొట్టి పని సాగిస్తుంది.

డి మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే పని మొదలుపెట్టాను. అంతా సవ్యంగానే అయింది. మిషన్ ఆపేసి, నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయి టీ చెప్పడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె తన కుర్చీలో లేదు. కస్టమర్లు కూర్చునే బెంచీ మీద కూర్చుని ఉంది.

"నా పని అయిపోయింది గద," అంది.

నేను లేనప్పుడు కంప్యూటర్ ఆన్ చేసింది. నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చాయి, పైన లినక్స్, కింద విండోస్. ఆమె చదివి ఆలోచించుకునేలోగా అది ఇచ్చే కొద్ది సెకన్ల గడువు అయిపోయి, పైనున్నది దానంతటదే తెరుచుకుంది. ఆమె సాఫ్ట్‌వేర్ లేదు, డి లేదు, తెర మీద ఆమె పెట్టుకున్న ఫొటో కూడా లేదు. నాకు ముందు చిరాకేసింది. రెండూ ఉంటాయని చెప్పాను కదా. కానీ ఇన్నేళ్లలో ఆమె ఆ బెంచీ మీద కూర్చోగా నేను చూడలేదు.

మళ్లీ ఆన్ చేసి కింది పేరు ఎంచుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఆమె కొన్ని ఫోల్డర్లు తెరిచి చూసుకుని, ఆ నల్ల తెర ఇంకోసారి చూపించమంది.

"ఇయ్యాల వచ్చినదాని పేరు పైన ఏంది? మొదటి సంది ఉన్నది కిందనా? కార్డు మీద గిట్ల ఏస్తే ఊకుంటరా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రమే కూర్చుని విండోస్‌ను పైకి తెచ్చాను. గడువు కూడా తీసేశాను. ఇప్పుడు మనిషి వచ్చి ఎంచుకునేదాకా అది ఆగుతుంది.

కొన్నాళ్లకు పెళ్లికొడుకే కార్డు కోసం వచ్చాడు. వాళ్లక్క కార్డు కూడా మా దగ్గరే చేయించారు.

"అచ్చు వద్దు మేడం, ఫోన్ల పంపేది చాలు," అన్నాడు.

నా భార్య పాత విండోస్‌లో వాళ్లక్క కార్డు తెరిచింది.

"మీ నాయన బాగున్నడా?"

అతను తల దించుకున్నాడు.

ఆమె ఆ పాత కార్డును ఒక కాగితం మీద ప్రింటు తీసి పక్కన పెట్టుకుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. నల్ల తెర రాగానే, నన్ను పిలవకుండా తానే బాణం కీతో కింది పేరుకు దిగి లినక్స్ మీద నొక్కింది. అదే మొదటిసారి. అందులో తెలుగు అక్షరాల కీలు వేరు, ఆమె చేతికి ఇంకా రావు. ఒక్కో అక్షరాన్నీ ఒక్క వేలితో వెతుక్కుంటోంది. చూపిద్దామని వంగి, ఎందుకో ఆగిపోయాను. చాలాసేపటికి 'కీ.శే.' అని పడింది.

"ఇది వాళ్ల ఫోన్లల్ల సక్కగ కనపడుతది గద?" అని అడిగింది.

"అవ్, కనపడుతది."

పక్కనున్న కాగితంలో చూసి తండ్రి పేరు కూడా అలాగే వెతుక్కుంటూ కొట్టింది. దాన్ని కార్డులో అన్నిటికన్నా పైకి జరిపి, అప్పుడు పెళ్లికొడుకు పేరు అడిగింది.